మన్నులో దొరకని రంగు

మా మిత్రుడు కర్నూలులో బొమ్మలు వేస్తాడు. అతని బొమ్మల ముందు నిలబడ్డవాళ్లెవరైనా మొదట మాట్లాడేది రంగు గురించే. ఆ మనిషెవరు, ఆ కొండ ఏది, ఆ గుడి ఎక్కడిది అన్న ప్రశ్నలు తర్వాత వస్తాయి. ఓర్వకల్లు రాళ్ల మీద పొద్దు వాలే వేళ కనిపించే ఎరుపు, జొన్న కోసిన చేలో మిగిలిన కొయ్యకాళ్ల పసుపు, గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన గట్టు పొరల్లోని కపిలవర్ణం, అన్నీ అతని గోడల మీద ఉన్నాయి. వాటిని అతను కొట్లో కొనలేదు. బేతంచెర్ల వైపు గనుల్లో దొరికే పసుపు కావిమట్టి తెచ్చి, రోట్లో నూరి, పలచటి గుడ్డలో జల్లించి, నీళ్లలో కలిపి తేర్చి, అడుగున దిగిన మెత్తటి మడ్డిని ఆరబెట్టి, తుమ్మజిగురు చేర్చి రంగు కట్టుకుంటాడు. అదే పసుపు మట్టిని పెనం మీద వేయిస్తే అందులో ఇనుముతో కలిసి ఉన్న నీరు పోయి ఎర్రబడుతుంది. ఎంత వేడి తగిలితే అంత ముదురు. ఒకే పిడికెడు మన్నులోంచి లేత పసుపు మొదలుకొని ముదురు ఎరుపు దాకా అతను రాబట్టే ఛాయలు చూస్తుంటే నాకు ఎప్పటికీ తనివి తీరదు.

అయితే చాలాకాలం అతని బొమ్మల్లో ఆకాశం ఉండేది కాదు. ఎక్కడైనా ఉంటే తెల్లగానో, దుమ్ము లేచిన పసుపుగానో ఉండేది. చెరువు వేసినా గోధుమరంగు నీళ్లే. ఎందుకని అడిగితే చేతికంటిన మట్టి కడుక్కుంటూ చెప్పాడు: "మన మన్నులో ఎరుపుంది, పసుపుంది. సుద్దలో తెలుపుంది, దీపం మసిలో నలుపుంది. నీలమొక్కటే ల్యాదబ్బీ. లేనిదాన్ని యాడనుంచి తెచ్చి పూసేది?"

మార్కెట్లో నీలం ట్యూబు కొనుక్కోవచ్చుగదా అనలేకపోయాను. రంగు అంటే అతనికి ఉన్న ప్రేమ అటువంటిది. తాను నడిచే నేల ఇవ్వని రంగును ఆ నేల బొమ్మకు పూయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని పాత సంగతులు వెతుకుతూ పోతే, కడప పేరు మోసుకుంటూ సముద్రాలు దాటిన ఒక రంగు కథ, జర్మనీలో ఒక కర్మాగారంలో పగిలిన థర్మామీటరు కథ బయటపడ్డాయి.

నీలం దొరకని బాధ మా మిత్రుడితో మొదలైంది కాదు. ఓర్వకల్లు దగ్గరే కేతవరం కొండగుహల్లో చరిత్రకు ముందటి మనుషులు వేసిన బొమ్మలున్నాయి. కడప జిల్లా ముద్దనూరు వైపు చింతకుంట గుట్టల్లో మూపురాల ఎద్దులు, జింకలు వరుసకట్టి నడుస్తున్నాయి. ఆ బొమ్మల్లో ఉన్నవి ఎరుపు, తెలుపు. రాతిలో ఇనుము ఎక్కడైనా ఉంటుంది కాబట్టి ఎరుపు, పసుపు ఎక్కడైనా దొరుకుతాయి. ఎండకూ వానకూ చెదరకుండా నిలిచే నీలపు రాయి మాత్రం భూమి మీద అతి అరుదు. అజంతా చిత్రకారులు వాడిన నీలం ఎక్కడో అఫ్ఘానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చిన రాయి. హిందూపురం దగ్గరి లేపాక్షిలో 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు గుడి పైకప్పు నిండా దేవతలను, రాజులను, రకరకాల అంచుల చీరలు కట్టిన స్త్రీలను వేశారు. అంత వైభవంలోనూ నీలం దాదాపు కనిపించదు. మట్టి రంగులతోనే ఆ లోకమంతా నిలబెట్టారు. లేపాక్షి కప్పు కింద మెడ నొప్పిపుట్టేదాకా నిలబడి చూసిన రోజున మా మిత్రుడు, "వీళ్లకూ దొరకల్యా" అని ఊరుకున్నాడు.

మన్నులో దొరకని ఆ రంగు మన చేలల్లో మొలిచింది. అదీ ఆకులో దాక్కుని.

నీలిచెట్టు నడుమెత్తు పెరిగే పొద. అవిరి అని కూడా అంటారు. కందికి, ఉలవకు చుట్టమైన పప్పుజాతి మొక్క. చిన్న చిన్న ఆకులు, గులాబీ ఛాయ పూలు, సన్నటి కాయలు. దాన్ని చూసి నీలం గుర్తుకు తెచ్చుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఆకు నలిపితే పచ్చటి పసరు, పువ్వు నలిపితే అదీ లేదు. వేరులోనూ కొమ్మలోనూ నీలపు చుక్క కనపడదు. ఇటువంటి చెట్టులో నీలం ఉందని మొదట పసిగట్టినవాళ్లెవరో చరిత్రకు తెలియదు. ఏ వాననీటి గుంటలోనో ఆకు రాలి కుళ్లి, పైన తేలిన నురగ గాలికి నీలంగా తిరిగితే, ఎవరో ఆగి చూసి ఉంటారు. వాళ్లు చూసి ఊరుకోకుండా మళ్లీ ఆకు కోసుకొచ్చి నీళ్లలో వేశారు. అక్కడి నుంచి అది విద్యగా మారడానికి ఎన్ని తరాలు పట్టిందో, ఎన్ని తొట్లు పారబోశారో లెక్క కట్టగలవాళ్లు లేరు.

కడప, కర్నూలు జిల్లాల్లో 19వ శతాబ్దంలో ఆ విద్య ఎంత పదునుకు వచ్చిందంటే, దాని తీరే వేరుగా ఉండేది. బెంగాలులో పచ్చి ఆకును కోసిన వెంటనే తొట్లలో నానబెట్టేవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా మన మెట్ట జిల్లాల్లో ఎండుటాకు పద్ధతి వాడుక. సీమ ఎండను పనిలో పెట్టుకున్న పద్ధతి ఇది. పూత పట్టకముందే, వాన లేని రోజు చూసి, చెట్టు కోసి కళ్లంలో ఆరబోస్తారు. ఎండిన కొమ్మలను బడితెలతో కొట్టి ఆకు రాలుస్తారు. ఆ ఆకును తడి తగలకుండా కొట్టులో నిలవచేస్తారు. కొన్ని వారాలకు ఆకు పచ్చదనం పోయి నీలిబూడిద ఛాయకు తిరుగుతుంది. ఇంకా వదిలేస్తే సీసపు రంగుకు దిగి చెడుతుంది. ఈ రెండింటి నడుమ ఏ రోజున తొట్టిలో వేయాలన్నది చూపుతో, వేళ్లతో తెలుసుకునేవాళ్లు.

తర్వాత ఆకుకు ఆరింతల నీళ్లు పోసి, తేలిన ఆకులన్నీ మునిగేదాకా కలుపుతూ రెండు గంటలు నానబెడతారు. దిగే నీరు పచ్చగా ఉంటుంది. దాన్ని ఇంకో తొట్టిలోకి వదిలి, తెడ్లతో కొడతారు. కవ్వం పెట్టి మజ్జిగ చిలికినట్టు మనుషులు గంటలతరబడి ఆ నీటిని చిలుకుతారు. నురగ లేస్తుంది. నురగ అంచున నీలం మెరుస్తుంది. చూస్తుండగానే పచ్చనీరంతా నీలంగా తిరుగుతుంది. అప్పుడు సున్నపు తేట పోస్తారు. నీలం రేణువులు అడుక్కు దిగుతాయి. పైనీరు తీసేసి, అడుగు బురదను కాచి, గుడ్డలో వడకట్టి, బరువు పెట్టి పిండి, దారంతో ముక్కలుగా కోసి నీడన ఆరబెడతారు. అంత కష్టానికీ వంద కిలోల పచ్చి ఆకు నుంచి దక్కే నీలిమందు కిలో కూడా ఉండదు. పిండిన ఆకు పిప్పి మాత్రం వృథా పోదు. పప్పుజాతి ఆకు కావడంతో వరిమడికి మంచి ఎరువు.

ఆ రైతుకు తెలియని సంగతి ఒకటుంది. ఆకులో నిజానికి నీలం లేదు. ఉన్నది రంగులేని ఒక పదార్థం, చక్కెరతో జతకట్టి ఉంటుంది. నీళ్లలో నానినప్పుడు ఆకులోని ఎంజైము ఆ జతను విడగొడుతుంది. విడిపడ్డ భాగానికి గాలిలోని ఆక్సిజన్ తగిలినప్పుడు రెండేసి అణువులు కలిసి నీలం పుడుతుంది. తెడ్డు దెబ్బ నీటిలోకి గాలిని దింపడానికే. ఆక్సిజన్ అనే పేరు లోకంలో పుట్టకముందే దాన్ని ఎంతసేపు, ఎంత వేగంతో నీటికి పట్టించాలో మన తొట్ల దగ్గరి కూలీలకు చేతుల్లో ఉంది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. దత్త మండలాలన్న పేరు అప్పుడు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కడప నీలిమందు మద్రాసు రేవు మీదుగా లండన్ వేలంపాటలకు చేరింది. అక్కడి వ్యాపారుల నోట కడప అన్న పేరు 'కుర్పా'గా మారి, ఆ పేరుతోనే ఒక రకం నీలిమందుకు గుర్తింపు వచ్చింది. ప్రొద్దుటూరు అంటే ఇప్పుడు బంగారం గుర్తొస్తుంది గాని, ఒకప్పుడు పత్తితో పాటు నీలిమందు బేరం జరిగిన ఊరది. బెంగాలులో తెల్లదొరలు రైతుల మెడలు వంచి నీలి వేయించారు. ఆ బాధ పొంగి 1859లో అక్కడ నీలి తిరుగుబాటు వచ్చింది. మన వైపు తొట్లు చాలావరకు ఇక్కడివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వర్తకుల అప్పులు, బాకీలు లేవని కాదు. కానీ విద్య రైతుదిగా, తొట్టి ఊరిదిగా మిగిలింది.

నీలిమందు తయారైతే కథ సగమే. అది నీళ్లలో కరగదు. కరగనిదాన్ని నూలుకు పట్టించడమెలా? ఈ చిక్కును విప్పినవాళ్లు అద్దకపువాళ్లు. పెద్ద బానలో నీలిమందు, సున్నం, చౌడుమన్ను వేసి, ఉడికించిన తగిరిస గింజలు కలిపి మూతపెట్టి పులియబెడతారు. పులిసేకొద్దీ నీలం కరిగి పసుపుపచ్చ నీరవుతుంది. అందులో ముంచిన నూలు పైకి తీసినప్పుడు పసుపుపచ్చగానే ఉంటుంది. గాలి తగిలిన కొద్ది క్షణాలకు ఆకుపచ్చ, ఆ వెంటనే నీలం. ఒకసారి పోగులో కుదురుకుందంటే ఉతికినా పోదు. బాన వాసన చూసి, వేలితో రుచి చూసి దాని ఆరోగ్యం చెప్పగలిగే పెద్దలు ఉండేవాళ్లు. శ్రీకాళహస్తి కలంకారీలో కృష్ణుడి ఒంటికి నీలం వచ్చింది ఈ విద్య వల్లనే. మట్టితో బొమ్మ గీసినవాళ్లకు అందని రంగు, గుడ్డ మీద బొమ్మ వేసినవాళ్లకు అందింది.

ఐరోపావాళ్లకు మాత్రం ఈ నీలిమందు దేని నుంచి వస్తుందో వందల ఏళ్లపాటు అంతుచిక్కలేదు. వాళ్ల చేతికి వచ్చేది రాతిముక్క వంటి గట్టి దిమ్మ. రెండు వేల ఏళ్ల కిందటి రోము పండితుడు ప్లినీ, భారతదేశంలో రెల్లు నురగకు పట్టుకునే బురద ఇదని రాశాడు. గనిలో తవ్వే ఖనిజమని నమ్మినవాళ్లు ఆ తర్వాత కూడా చాలామంది ఉన్నారు. మార్కో పోలో కేరళ తీరంలోని కొల్లం వచ్చి, ఆకు నానబెట్టి తీస్తారని చూసి చెప్పినా ఆ మాట అంత తేలిగ్గా వ్యాపించలేదు.

రసాయనశాస్త్రం పుంజుకున్నాక ప్రశ్న మారింది. ఇది దేనితో తయారైంది? ఆకు లేకుండా చేయగలమా? 1826లో ఒట్టో ఉన్‌వర్డోర్బెన్ అనే జర్మన్ నీలిమందును బట్టీపెట్టి ఒక నూనె తీశాడు. 1840లో ఫ్రిట్‌షే అదే నూనెను కాస్టిక్ పొటాష్ సాయంతో రాబట్టి, నీలిమందు పేరు మీదుగానే అనిలిన్ అన్నాడు. ఆ నూనె తారులోనూ ఉందని తేలింది. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ లండన్‌లో తన ఇంటి గదిలో మలేరియాకు మందు చేయబోయి, అనిలిన్ నుంచి ఊదారంగు చేశాడు. అంతటితో రంగుల కోసం చెట్ల వైపు చూసిన ఐరోపా, బొగ్గు తారు వైపు తిరిగింది. ఎరుపుకు వేరు ఇచ్చే మంజిష్ఠలోని రంగును 1868లో గ్రేబే, లీబెర్‌మాన్ తారు నుంచి చేసి చూపారు. మన కోస్తా అద్దకాలకు ప్రాణమైన చిరివేరుకు అప్పుడే గడ్డుకాలం దాపురించింది. నీలం ఒక్కటే లొంగలేదు.

దాన్ని లొంగదీయడానికి జీవితం ధారపోసినవాడు అడాల్ఫ్ బాయర్. 1835లో బెర్లిన్‌లో పుట్టాడు. పదమూడో పుట్టినరోజుకు చేతికి వచ్చిన రెండు థాలర్ల నాణెంతో ఆ పిల్లవాడు కొనుక్కున్నది ఒక ముద్ద నీలిమందు. మిఠాయి కొనలేదు, బొమ్మ కొనలేదు. ఆ ముద్ద ఏ దేశపు చేలో పండిందో ఎవరికి తెలుసు? మా మిత్రుడు చిన్నతనంలో ఇటుకముక్కలు, ఆకు పసర్లు జేబుల్లో నింపుకుని తిట్లు తిన్న సంగతి నాకు తెలుసు గనుక, ఆ జర్మన్ పిల్లవాడి మీద నాకు ప్రత్యేకమైన ఆపేక్ష.

1865లో బాయర్ నీలి మీద పని మొదలుపెట్టాడు. ముందు విడగొట్టడం, తర్వాత కట్టడం అతని పద్ధతి. నీలిని ఆక్సీకరిస్తే ఐసాటిన్ వస్తుందని అప్పటికే తెలుసు. దానిలోని ఆక్సిజన్‌ను తీసేస్తూ పోయి, వేడి జింకు పొడి మీదుగా పంపి, 1866లో ఇండోల్ అనే మూలానికి చేరాడు. ఇక వచ్చిన దారినే వెనక్కి నడవాలి. 1870లో ఐసాటిన్ నుంచి తిరిగి నీలిని పుట్టించాడు. కానీ ఆ ఐసాటిన్ వచ్చింది నీలి నుంచే. ఆకు అవసరం తప్పలేదు.

అంతలో ఒక విచిత్రమైన విరామం. బాయర్‌కు ఒకప్పుడు గురువైన కెకులే, ఐసాటిన్ తయారీ మీద తాను పనిచేస్తున్నట్టు ప్రకటించాడు. గురువు పట్టిన దారిలో అడ్డు నిలవడం మర్యాద కాదని బాయర్ తప్పుకున్నాడు. ఏళ్లు గడిచాయి. కెకులేకు అది సాధ్యపడలేదు. బాయర్ అప్పుడు మళ్లీ చేపట్టి 1878లో ఐసాటిన్‌ను నీలి అవసరం లేకుండా చేశాడు. 1880లో సినమిక్ ఆమ్లం నుంచి నీలిని నేరుగా కట్టే దారి కనుక్కుని పేటెంటు తీశాడు. 1883 నాటికి నీలి అణువులో పదహారు కార్బన్లు, పది హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు ఏది ఎక్కడ ఉందో ప్రయోగాలతో తేల్చాడు. మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. ఇక గెలిచినట్టేనని అందరూ అనుకున్నారు.

గెలవలేదు. బాయర్ నీలి ప్రయోగశాలలో చక్కగా తయారైంది గాని, దాని ఖర్చు ముందు మన తొట్టి నీలి చవక. పేటెంటు కొన్న బి.ఎ.ఎస్.ఎఫ్., హోక్స్ట్ కంపెనీలు తలలు పట్టుకున్నాయి. 1882లో బాయర్ ఇంకో దారి చూపించాడు. దానికి టోలుయిన్ కావాలి. లోకానికి సరిపడా నీలి చేయాలంటే అంత టోలుయిన్ అప్పట్లో దొరికేది కాదు. నూటికి నూరుపాళ్లు సరైన శాస్త్రం, పెద్దఎత్తున పనికిరాని దారి. కడప రైతు తన కళ్లంలో ఆకు ఆరబోసుకుంటూనే ఉన్నాడు. జర్మనీలోని హేమాహేమీలతో తన తొట్టి పోటీపడుతోందని, పడి గెలుస్తోందని అతనికి తెలియదు.

1890లో జూరిచ్ పాలిటెక్నిక్‌లో కార్ల్ హోయ్‌మాన్ రెండు కొత్త దారులు కనిపెట్టాడు. ఒకటి అనిలిన్ నుంచి. అందులో చేతికొచ్చే నీలి చాలా తక్కువ. రెండోది ఆంత్రనిలిక్ ఆమ్లం నుంచి. ఆ ఆమ్లానికి మూలం నాఫ్తలీన్, మనం బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల సరుకు. బొగ్గు తారులో గుట్టలుగా పడి ఉంటుంది. దారి దొరికింది, సరుకుకు కొదవ లేదు. అయినా మధ్యలో ఒక మెట్టు ఎక్కనివ్వలేదు. నాఫ్తలీన్‌ను ఆక్సీకరించి థాలిక్ ఆమ్లంగా మార్చాలి. క్రోమిక్ ఆమ్లం వాడితే ఖరీదు. గాఢ గంధకామ్లంలో వేసి కాచితే మార్పు నత్తనడక. హోయ్‌మాన్ తన దారి చివరికి చేరడం చూడకుండానే 1894లో కన్నుమూశాడు.

అదృష్టం వచ్చింది ఇక్కడే. బి.ఎ.ఎస్.ఎఫ్. ప్రయోగశాలలో యూజిన్ సాపర్ అనే రసాయనికుడు నాఫ్తలీన్‌ను గంధకామ్లంలో కాస్తూ, అందులో థర్మామీటరు పెట్టి కలుపుతున్నాడు. థర్మామీటరు పుటుక్కున విరిగింది. పాదరసం ఆమ్లంలో కలిసిపోయింది. ఇంకొకరైతే ఆ పాత్రను పారబోసి కొత్తది మొదలుపెట్టేవారు. సాపర్ గమనించాడు. అంతవరకు మొరాయించిన మార్పు వేగం పుంజుకుని జోరుగా సాగుతోంది. ఆమ్లంలో పాదరసం సల్ఫేటుగా మారి, తాను ఖర్చు కాకుండా చర్యను తోస్తోంది. పెద్ద పెద్ద పేర్లవాళ్లు ఏళ్ల తరబడి నెట్టినా తెరుచుకోని తలుపు, ఒక గాజు గొట్టం విరగడంతో తెరుచుకుంది. అయితే ఆ తలుపు దాకా నడిచి వచ్చిన ముప్ఫై ఏళ్ల నడకను మర్చిపోకూడదు. విరిగిన థర్మామీటర్లు లోకంలో ఎన్నో ఉంటాయి, ఆ క్షణాన ఏం చూడాలో తెలిసిన కన్ను దొరకడం కష్టం.

1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. తన కర్మాగారపు నీలిని మార్కెట్లోకి దించింది. అక్కడికి రావడానికి ఆ కంపెనీ పెట్టిన ఖర్చు సుమారు 1 కోటీ 80 లక్షల మార్కులు. బాయర్‌కు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మధ్య కాలంలో చేలల్లో జరిగింది వేరు. 1897లో ప్రపంచంలో చెట్టు నుంచి తీసిన నీలి 19 వేల టన్నులు, అందులో ఎక్కువ భాగం మన దేశానిది. 1914 నాటికి అది వెయ్యి టన్నులకు పడిపోయింది. బీహారులో నీలి దొరలు తమ నష్టాన్ని రైతుల మీదికి తోశారు. ఆ గొడవలోకే 1917లో గాంధీ చంపారన్ వెళ్లాడు. కడప, కర్నూలు చేలల్లో సందడి లేకుండా మార్పు జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సరుకు ఆగి, ధర లేచి, కొన్నేళ్లు తొట్లు మళ్లీ నిండాయి. యుద్ధం ముగిశాక ఆ ఆశ కూడా అడుగంటింది. వేరుశనగ, పత్తి ఆ చేలను ఆక్రమించాయి. తొట్లు పూడిపోయాయి. ఎండుటాకు ఏ ఛాయలో ఉన్నప్పుడు నీళ్లలో వేయాలో తెలిసిన చూపు కూడా వాటితో పాటే పోయింది.

జర్మన్ల గెలుపును నేను తక్కువ చేయను. బాయర్ పట్టుదలకు చేతులెత్తి మొక్కుతాను. కానీ పేటెంటు కాగితాల మీద బాయర్ పేరుంది, హోయ్‌మాన్ పేరుంది. కడప తొట్టిలో మొదట సున్నపు తేట పోసి చూసినవాడి పేరు ఎక్కడా లేదు. అతని పరిశోధన దేనికీ తీసిపోనిదని ఎవరో ఒకరు రాయాలి గనుక రాస్తున్నాను.

ఈ కథంతా విన్న మా మిత్రుడు పెద్దగా మాట్లాడలేదు. తర్వాత కొన్నాళ్లకు అతని పెరట్లో ఒక మూల నీలి మొక్కలు కనిపించాయి. విత్తనం గట్టి తోలుది, తొందరగా మొలవదు. మొలిచాక మాత్రం నీళ్లు అడగదు. వేరు లోతుకు దింపుకుని మన ఎండను తట్టుకుంటుంది. ఆకు కొంచెమే కావడంతో పచ్చిగానే నానబెట్టాడు. తొలుత ఎక్కువసేపు నానిపోయి కంపుకొట్టి బూడిదరంగు మడ్డి దిగింది. ఇంకోసారి సున్నం ఎక్కువై నీలం వెలవెలబోయింది. మరోసారి చిలకడం చాలక నీళ్లు పచ్చగానే ఉండిపోయాయి. ఒక్కో తప్పు దగ్గర ఆగి, ఎండ ఎంత ఉంది, నీళ్లు ఏ బావివి, ఆకు ఏ పూట కోసింది అని ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ నోటుబుక్కు అట్ట నిండా వేలిముద్రలు, ఆకుపచ్చవి కొన్ని, బూడిదవి కొన్ని.

ఒక వేసవి పొద్దున ఫోన్ చేసి "రా" అన్నాడు, అంతే. వెళ్లేసరికి ప్లాస్టిక్ బకెట్టు ముందు గొంతుకూర్చుని రెండు చెంబులతో నీటిని ఎత్తి పోస్తున్నాడు. నురగ మీద నీలం పాకుతోంది. భుజాలు పడిపోయేదాకా నేనూ పోశాను. మర్నాటికి అడుగున దిగిన మడ్డిని గుడ్డలో వడకట్టి, పళ్లెంలో ఆరబెడితే గోరంత మందాన నీలిమందు పెచ్చులు కట్టింది. గోటితో గీకితే రాగిలాంటి మెరుపు.

అద్దకపువాళ్లకు చిక్కు తెచ్చిన గుణం చిత్రకారుడికి వరమైంది. నీలి కరగదు కాబట్టి కావిమట్టిని నూరినట్టే దాన్నీ నూరి తుమ్మజిగురులో కలిపితే రంగు సిద్ధం. పలచగా పూస్తే తెల్లవారుజాము ఆకాశం, చిక్కగా పూస్తే దాదాపు నలుపు. పసుపు కావి మీద ఒక్క పూత వేస్తే వాన తర్వాత కొండల మీద మొలిచే ఆకుపచ్చ వచ్చింది. ఆ ఆకుపచ్చ కూడా అతని పలకలో ఇంతకు ముందు లేనిదే. ఇప్పుడతని బొమ్మల్లో అహోబిలం కొండలు దూరమయ్యేకొద్దీ నీలమవుతాయి. సుంకేసుల నుంచి కడప వైపు సాగే కె.సి. కాలువలో ఆకాశం పడుకుని ఉంటుంది. చూసినవాళ్లు నీలం గురించి అడుగుతారు. అతను చెట్టు చూపిస్తాడు.

ఒక ఇబ్బంది ఉంది. గుడ్డ పోగులో గట్టిగా నిలిచే ఈ రంగు, కాగితం మీద ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పాలిపోతుంది. దీనికి మందు ఉందని మెక్సికోలోని మాయా ప్రజలు చూపించారు. వాళ్లూ నీలినే వాడారు. కానీ దాన్ని ఒక రకం నార వంటి నిర్మాణమున్న తెల్లటి బంకమట్టితో కలిపి సన్నసెగ మీద వేడిచేశారు. నీలి అణువులు ఆ మట్టి సందుల్లో చిక్కుకుని, తేమలోనూ ఎండలోనూ వెయ్యేళ్లకు పైగా చెక్కుచెదరకుండా ఉండిపోయాయి. చిచెన్ ఇట్జా గోడల మీద ఆ రంగును 1931లో శాస్త్రజ్ఞులు గుర్తించి, అందులో నీలి ఉందని తేల్చడానికి ఇంకొన్ని దశాబ్దాలు తీసుకున్నారు.

మా మిత్రుడి పెనం మీద ఇప్పుడు పసుపు కావి వేగడం లేదు. బేతంచెర్ల సుద్ద, మంగంపేట ముగ్గురాయి పొడి, ఏ ఊరి వాగు గట్టునో తవ్విన తెల్లమట్టి, ఒక్కోదానికి చిటికెడు నీలి కలిపి సన్నమంట మీద పెడుతున్నాడు. వేగిన ప్రతి రకాన్నీ ఒక కాగితం మీద పట్టీగా పూసి, పట్టీలో సగం నల్ల అట్టతో కప్పి, మేడ మీద ఎండలో ఉంచాడు. ముగ్గురాయి కలిపిన పట్టీ అప్పుడే కొంచెం వెలిసింది. వాగు మట్టి పట్టీ ఇంకా నిలిచే ఉంది. అది ఏ వాగో గుర్తుపెట్టుకుని, వానలు పడేలోపు ఇంకో సంచి తవ్వుకు రావాలని ఇద్దరం బయల్దేరుతున్నాం.